మాయ దగ్గర ఆగిన వైరస్

2020 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. వూహాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోంగ్‌నాన్ ఆసుపత్రిలో కోవిడ్ న్యుమోనియాతో కాన్పయిన తొమ్మిది మంది తల్లుల వివరాలు అందులో ఉన్నాయి. అందరూ చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్లే. అందరికీ సిజేరియనే చేశారు. బిడ్డలంతా ప్రాణాలతో పుట్టారు. ఆరుగురి విషయంలో ఉమ్మనీరు, బొడ్డుతాడులోని రక్తం, తల్లిపాలు, బిడ్డ గొంతులోంచి తీసిన స్వాబ్ అన్నీ పరీక్షించారు. దేన్లోనూ వైరస్ కనబడలేదు.

తొమ్మిది మందిని చూసి లోకానికంతటికీ తీర్పు చెప్పలేం. అయినా ఆ నివేదికను ప్రపంచమంతా ఆత్రంగా చదివింది. గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లోనూ అప్పుడు ఒకటే ప్రశ్న: కడుపులో బిడ్డకు సోకుతుందా? ఆ భయం ఊరికే వచ్చింది కాదు. రుబెల్లా తల్లిని నాలుగు రోజుల దద్దురుతో వదిలేసి బిడ్డ కళ్లనూ చెవులనూ గుండెనూ దెబ్బతీస్తుంది. జికా వైరస్ 2015లో బ్రెజిల్‌లో ఎందరో పసివాళ్లను చిన్న తలలతో పుట్టించింది. కరోనా కూడా ఆ దారినే వస్తుందేమోనని డాక్టర్లు, ఇళ్లల్లో పెద్దవాళ్లు అందరూ బిడ్డ వైపే చూశారు.

వైరస్ ఆ దారిన రాలేదు. బిడ్డను అది నేరుగా తాకడం అరుదని తర్వాతి రెండేళ్లలో తేలింది. బిడ్డలకు జరిగిన కీడు తల్లి ఊపిరితిత్తుల గుండా, తల్లి రక్తనాళాల గుండా, మాయ గుండా జరిగింది. బిడ్డకేమవుతుందో అన్న భయంతో తల్లిని రెండో వరసలోకి నెట్టిన ప్రతిచోటా ఇద్దరికీ నష్టమే జరిగిందని, ఆ రెండేళ్ల లెక్కలన్నీ ముందు పెట్టుకుని చూశాక నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు ఊపిరి సంగతి చూద్దాం. నెలలు పైబడిన గర్భిణి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంది. పెరిగిన గర్భసంచి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న డయాఫ్రం కండరాన్ని దాదాపు 4 సెంటీమీటర్లు పైకి నెడుతుంది. మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి ఐదో వంతు తగ్గిపోతుంది. అదే సమయంలో ఒంటికి కావలసిన ఆక్సిజన్ ఐదో వంతు పెరుగుతుంది. అంటే నిల్వ తగ్గింది, వాడకం పెరిగింది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం శరీరం దీన్ని సులువుగానే సర్దుకుంటుంది. న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తుల్లో కొంత భాగం పనిచేయడం మానేస్తే మాత్రం ఆక్సిజన్ చాలా వేగంగా పడిపోతుంది. అందుకే కోవిడ్ వార్డుల్లో గర్భిణుల వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 95కి తగ్గకుండా చూడమన్నారు. తల్లి రక్తంలోంచి బిడ్డ రక్తంలోకి ఆక్సిజన్ దాటాలంటే తల్లి వైపు పీడనం ఎక్కువగా ఉండాలి. వేరేవాళ్లకు 92, 93 ఉన్నా పరవాలేదనుకునే చోట గర్భిణికి వెంటనే ఆక్సిజన్ పెట్టాలి.

ఇంకొకటి రక్తం. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె ఎక్కువ పని చేస్తుంది. కాన్పు సమయంలో ఎక్కువ రక్తం పోకుండా గడ్డకట్టే గుణం కూడా ముందే పెరిగి ఉంటుంది. కోవిడ్ తీవ్రమైనప్పుడు చేసేదీ అదే, చిన్నచిన్న నాళాల్లో రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. రెండూ ఒక శరీరంలో కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇవేవీ 2020లో కొత్తగా కనుక్కున్న సంగతులు కావు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాలో హారిస్ అనే వైద్యుడు సేకరించిన 1,350 మంది గర్భిణుల వివరాల్లో 27 శాతం మంది చనిపోయారు. 2003లో హాంకాంగ్‌లో సార్స్ సోకిన 12 మంది గర్భిణుల్లో ముగ్గురు దక్కలేదు. 2009 స్వైన్‌ఫ్లూ అప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు ఒక్క శాతమే అయినా చావుల్లో వాళ్ల వాటా ఐదు శాతం. ఊపిరితిత్తులను పట్టే కొత్త వైరస్ ఎప్పుడొచ్చినా గర్భిణుల మీద భారం ఎక్కువ పడుతుందని వైద్య పుస్తకాల్లో రాసే ఉంది. అయినా కోవిడ్ మొదటి నెలల్లో చాలా దేశాల్లో వినబడిన మాట ‘గర్భిణులకు మిగతావాళ్ల కంటే ఎక్కువ ముప్పేమీ లేదు’ అనే.

ఆ మాట తప్పని 2020 నవంబరు నాటికి గట్టి లెక్కలతో తేలింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ, కోవిడ్ లక్షణాలున్న దాదాపు నాలుగు లక్షల మంది స్త్రీల వివరాలు చూసింది. అందరూ 15 నుంచి 44 ఏళ్ల లోపువాళ్లు, అందులో 23 వేల మందికి పైగా గర్భిణులు. ఐసీయూలో చేరాల్సి వచ్చినవాళ్లు గర్భిణుల్లో వెయ్యికి 10.5 మంది, మిగతావాళ్లలో 3.9 మంది. వెంటిలేటర్ అవసరమైనవాళ్లు వెయ్యికి 2.9, 1.1. మరణాలు 1.5, 1.2. వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక ఐసీయూ ముప్పు మూడు రెట్లని తేలింది. వెయ్యికి పదిమంది అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. మిగిలిన 990 మంది ఇంట్లోనో వార్డులోనో కోలుకున్నారన్న మాట కూడా నిజమే, ధైర్యం చెప్పడానికి ఆ మాట చెప్పాల్సిందే. కానీ ఒక దేశంలో లక్షల మంది గర్భిణులకు ఒకే నెలలో సోకితే ఆ పదిమందే వేలవుతారు.

మన దేశంలో ఆ నెల 2021 ఏప్రిల్–మే. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ రెండు వేవ్‌లలోనూ కోవిడ్ సోకిన 1,530 మంది గర్భిణుల, బాలింతల వివరాలను పోల్చింది. మొదటి వేవ్‌లో లక్షణాలు కనిపించినవాళ్లు 14.2 శాతం, రెండోదాంట్లో 28.7 శాతం. మరణాలు మొదటిదాంట్లో 0.7 శాతం ఉంటే రెండోదాంట్లో 5.7 శాతం. ఇవి ఆసుపత్రికి చేరినవాళ్ల లెక్కలు కాబట్టి ఊళ్లో సోకినవాళ్లందరికీ వర్తింపజేయకూడదు. అయినా ఎనిమిది రెట్లన్నది చిన్న తేడా కాదు. డెల్టా రకం స్వభావం కొంత కారణం. పడకలు, ఆక్సిజన్ దొరకని ఆ వారాల పరిస్థితి మరికొంత. వైద్యం అందకపోవడం ఎంత పని చేస్తుందో బ్రెజిల్ ముందే చూపించింది. అక్కడ 2020 మధ్యనాటికి నమోదైన 124 మంది తల్లుల మరణాల్లో ఐదింట ఒక వంతుకు పైగా ఐసీయూ ముఖం చూడకుండానే జరిగాయి.

చికిత్సలో కూడా తల్లి వైపు చూపు మళ్లడానికి సమయం పట్టింది. గర్భిణికి ఎక్స్‌రే తీయాలా వద్దా, స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా, బోర్లా పడుకోబెట్టాలా వద్దా అని తటపటాయించారు. నిజానికి ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకు తగిలే రేడియేషన్ చాలా స్వల్పం. బోర్లా పడుకోబెట్టడం కూడా పొట్ట కింద బరువు పడకుండా దిండ్లు అమర్చి ఎన్నో చోట్ల చేశారు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌ను నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. దాదాపు అన్ని ఔషధ పరీక్షలూ గర్భిణులను గుమ్మంలోనే ఆపేస్తున్న సమయంలో అది వాళ్లను చేర్చుకుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాయను సులువుగా దాటి బిడ్డను చేరుతుంది కాబట్టి, గర్భిణులకు దాని బదులు ప్రెడ్నిసొలోన్‌నో హైడ్రోకార్టిసోన్‌నో వాడింది. అంత చిన్న మార్పుతో పని జరిగిపోయింది.

ఇప్పుడు మాయ దగ్గరకు వద్దాం. కాన్పయ్యాక బిడ్డ వెనకాలే బయటికొచ్చే మాయ నెలలు నిండిన గర్భంలో అరకిలో దాకా తూగుతుంది. సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్లకు పైగా మందం. బిడ్డ వైపు నున్నగా, మెరుస్తూ, మధ్యలో బొడ్డుతాడు అతుక్కుని ఉంటుంది. తల్లి వైపు ముదురు ఎరుపులో, పదిహేను ఇరవై గడ్డలుగా చీలి కనిపిస్తుంది. చాకుతో కోస్తే మెత్తగా, రక్తం నిండి ఉంటుంది. దాని లోపల బిడ్డ రక్తనాళాలున్న సన్నని కొమ్మలు, నీటిలోకి దిగిన మర్రి ఊడల్లా, తల్లి రక్తంలోకి వేలాడుతుంటాయి. వాటన్నిటి ఉపరితలం విప్పి పరిస్తే పదీ పన్నెండు చదరపు మీటర్లొస్తుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం ఎక్కడా కలవవు. ఆ కొమ్మల మీది పలచటి పొరగుండానే ఆక్సిజన్, చక్కెర, యాంటీబాడీలు అటు వెళతాయి, వ్యర్థాలు ఇటు వస్తాయి.

ఆ పొర విశేషమేమిటంటే దాన్లో కణానికీ కణానికీ మధ్య గోడలు లేవు. కణాలన్నీ కరిగి ఒకే దుప్పటిగా మారతాయి, కాబట్టి సందులోంచి దూరే అవకాశం తక్కువ. పైగా కరోనా వైరస్ ఒక కణంలోకి వెళ్లాలంటే ఏసీఈ2 అనే గ్రాహకం, టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఒకేచోట ఉంటే దానికి పని సులువు. మాయలో ఈ రెండూ ఒకే కణంలో కలిసి ఉండటం చాలా తక్కువని 2020లోనే గమనించారు. పైగా చాలామందిలో వైరస్ ఊపిరితిత్తుల్లోనే ఉండి రక్తంలోకి పెద్దగా రాదు. వూహాన్ తల్లుల ఉమ్మనీరు శుభ్రంగా ఉండటానికి కారణాలివే. తర్వాత ప్రపంచమంతటి నుంచీ 14 వేలకు పైగా నవజాత శిశువుల వివరాలు కూడగట్టి 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన విశ్లేషణలో పాజిటివ్ వచ్చినవాళ్లు 1.8 శాతమే. వాళ్లలోనూ చాలామందికి పుట్టాక సోకి ఉండొచ్చు. గర్భంలోనే సోకిందని నిస్సందేహంగా రుజువైన సందర్భాలు లేకపోలేదు. పారిస్ శివార్లలోని ఆంట్వాన్ బెక్లేర్ ఆసుపత్రిలో 2020 మార్చిలో పుట్టిన ఒక శిశువు ఉదాహరణ. మాయలోనూ, ఉమ్మనీరులోనూ, శిశువు రక్తంలోనూ వైరస్ దొరికింది. మూడో రోజున నరాలకు సంబంధించిన లక్షణాలు కనిపించాయి. ఆ బిడ్డ కోలుకున్నాడు.

అయితే మాయ ప్రతిసారీ వైరస్‌ను దాటనివ్వకుండా ఆపి తాను మాత్రం క్షేమంగా ఉండలేదు. 2021 మొదట్లో ఐర్లాండ్‌లో కొన్ని మృతశిశు జననాలు జరిగాయి. తల్లులకు వచ్చింది తేలికపాటి కోవిడే. కొద్ది వారాల్లో బిడ్డ కదలికలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ మాయలను కోసి చూసిన పాథాలజిస్టులకు మెత్తటి ఎర్రటి కండ బదులు పాలిపోయి గట్టిపడిన ముద్ద కనిపించింది. వైరస్ ఆ పలచటి పొరను చంపేసింది. తల్లి రక్తం పారాల్సిన ఖాళీలన్నీ ఫైబ్రిన్ అనే గడ్డకట్టించే పదార్థంతోనూ, మంటకు పరిగెత్తుకొచ్చిన కణాలతోనూ పూడుకుపోయాయి. 2022లో 12 దేశాల నుంచి ఇలాంటి 68 సందర్భాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. సగటున మాయలో 77 శాతానికి పైగా పాడైపోయి ఉంది. ఆ తల్లుల్లో ఒక్కరూ టీకా వేసుకున్నవాళ్లు కాదు. బిడ్డల ఒంట్లో వైరస్ ఉందా లేదా అన్నది అక్కడ పెద్ద విషయం కాలేదు. వాళ్లు ఆక్సిజన్ అందక పోయారు.

ఇది అరుదైన పరిణామమే. డెల్టా కాలంలో పెరిగింది. అమెరికాలో 12 లక్షలకు పైగా ఆసుపత్రి కాన్పుల వివరాలు చూసినప్పుడు, కోవిడ్ లేని తల్లుల్లో మృతశిశు జననాలు వెయ్యికి ఆరున్నర లోపు. కాన్పు సమయానికి కోవిడ్ ఉన్న తల్లుల్లో డెల్టాకు ముందు వెయ్యికి పది దాకా, డెల్టా వచ్చాక 27. కోవిడ్ తగ్గింది కదా, జ్వరం పోయింది కదా అని ఊరుకోకుండా ఆ తర్వాతి వారాల్లో బిడ్డ కదలికలు లెక్కపెట్టుకోమని డాక్టర్లు చెప్పింది ఇందుకే. కదలిక తగ్గిందనిపిస్తే పొద్దుటిదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఆసుపత్రుల్లో మాయ పసుపు సంచిలోకి వెళ్లిపోతుంది. జీవ వైద్య వ్యర్థాల నిబంధన అది, తప్పు లేదు. కానీ బిడ్డ చనిపోయి పుట్టినప్పుడైనా ఆ మాయను పాథాలజీ విభాగానికి పంపే అలవాటు మనకు ఇంకా బలపడలేదు. ఎందుకు జరిగిందో తెలియని దుఃఖంతో ఇంటికి వెళ్లే తల్లికి చాలాసార్లు జవాబు ఆ సంచిలోనే పోతోంది.

గుర్రపు వాతం అని ఊళ్లలో పిలిచే మూర్ఛలకు ముందు వచ్చే బీపీ జబ్బు ప్రీఎక్లాంప్సియా. కోవిడ్ దాన్నీ పెంచింది. 18 దేశాల్లో కోవిడ్ ఉన్న 706 మంది గర్భిణులను, లేని 1,424 మందితో పోల్చిన ఇంటర్‌కోవిడ్ అధ్యయనంలో ప్రీఎక్లాంప్సియా ముప్పు 1.76 రెట్లు. లక్షణాలేవీ లేని తల్లుల్లో కూడా అది ఎక్కువగానే కనిపించింది. వైరస్ తగులుకునే ఏసీఈ2 అసలు పని బీపీని అదుపులో ఉంచడమే కాబట్టి సంబంధం అక్కడ ఉండొచ్చని పరిశోధకుల అనుమానం. బార్సిలోనా వైద్యులు దీన్లో ఒక మెలికను పట్టుకున్నారు. తీవ్రమైన కోవిడ్ ఉన్న కొందరు గర్భిణుల్లో బీపీ పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయం దెబ్బతినడం చూస్తే అచ్చం ప్రీఎక్లాంప్సియాలా ఉంది. కానీ మాయ జబ్బుపడినప్పుడు రక్తంలో మారాల్సిన గుర్తులు ఒకరిలో తప్ప మారలేదు. వాళ్లలో కొందరికి న్యుమోనియా తగ్గాక, కాన్పు చేయకుండానే, ఆ లక్షణాలు పోయాయి. ప్రీఎక్లాంప్సియాకు మందు కాన్పే. పొరపడితే ఏడో నెలలోనే బిడ్డను బయటికి తీస్తారు.

నెలలు నిండని కాన్పుల కథంతా అక్కడే ఉంది. ఇంటర్‌కోవిడ్‌లో అవి 1.59 రెట్లు పెరిగాయి. వాటిలో ఐదింట నాలుగు తమంతట తాము వచ్చినవి కావు, తల్లి పరిస్థితి చూసి డాక్టర్లు చేసినవి. ఒక్కొక్కసారి తప్పదు, తల్లికి ఊపిరి ఆడాలంటే పొట్ట బరువు దిగాలి. కానీ 30 వారాలకే పుట్టిన పసికందు ఊపిరితిత్తులు, పేగులు, మెదడు పచ్చిగా ఉంటాయి. ఆ బిడ్డకు కోవిడ్ నెగెటివ్ అని రిపోర్టు వస్తుంది. కోవిడ్ చేసిన గాయం మాత్రం ఉంటుంది.

పుట్టాక తల్లీబిడ్డలను వేరుచేయడం గురించి చెప్పకుండా ఉండలేను. చైనాలో 14 రోజులు వేరుగా ఉంచారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2020 ఏప్రిల్‌లో వేరుచేయమనే చెప్పి, జులైలో మాట మార్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ ఒకటే చెప్పింది: తల్లి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని, బిడ్డను దగ్గరే ఉంచుకుని పాలివ్వాలి. న్యూయార్క్‌లోని మూడు ఆసుపత్రుల్లో పాజిటివ్ తల్లులకు పుట్టిన 120 మంది పిల్లలను చూశారు. మొదటి రోజు పరీక్షలో ఒక్కరికీ వైరస్ లేదు. వారం దాకా వెంట ఉండి గమనించిన 82 మందిలో 68 మంది తల్లి గదిలోనే ఉన్నారు. ఒక్కరికీ సోకలేదు. కోవిడ్ వచ్చిన తల్లి ముర్రుపాలలో ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలున్నాయని తర్వాత తేలింది. పాలు పిండేసి పారబోయమని బాలింతలకు చెప్పిన ఇళ్లు, వార్డులు ఆ రోజుల్లో ఎన్నో. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిని కోవిడ్ నోడల్ కేంద్రం చేశాక పాజిటివ్ గర్భిణుల కాన్పులు అక్కడ జరిగాయి. తల నుంచి కాళ్ల దాకా పీపీఈ సూట్లలో, చెమటలు కారుతుంటే అద్దాలు మసకబారుతుంటే కాన్పులు చేసిన డాక్టర్లకు, నర్సులకు, ఆయాలకు మనం రుణపడి ఉన్నాం.

వైరస్ సోకకుండానే పోయిన ప్రాణాలు కూడా ఈ అధ్యాయానికి చెందినవే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, జోగులాంబ గద్వాల జిల్లా నుంచి నొప్పులతో బయల్దేరిన ఒక గర్భిణిని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి పంపుతూ పోయారు. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. తెలంగాణ హైకోర్టు ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. ఇలాంటివి ఎన్ని జరిగి ఉంటాయో పొరుగున ఉన్న నేపాల్ లెక్కల్ని బట్టి ఊహించవచ్చు. అక్కడ తొమ్మిది ఆసుపత్రుల్లో లాక్‌డౌన్‌కు ముందూ, లాక్‌డౌన్ సమయంలోనూ చూశారు. ఆసుపత్రి కాన్పులు సగానికి సగం పడిపోయాయి. మృతశిశు జననాలు వెయ్యికి 14 నుంచి 21కి, నవజాత శిశు మరణాలు వెయ్యికి 13 నుంచి 40కి పెరిగాయి. బస్సులు లేవు, బీపీ చూసేవాళ్లు లేరు, ఆసుపత్రికి వెళితే సోకుతుందన్న భయం ఒకటి.

టీకా విషయంలో జరిగినది ఇంతకంటే బాధాకరం, ఎందుకంటే అక్కడ ఆలస్యం తెలిసి చేసింది. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల బిడ్డలు అంగవైకల్యంతో పుట్టిన విషాదం తర్వాత గర్భిణులను ఔషధ పరీక్షల నుంచి తప్పించడం రివాజైపోయింది. కోవిడ్ టీకాల మొదటి పెద్ద పరీక్షల్లోనూ వాళ్లను చేర్చుకోలేదు. పరీక్షించలేదు కాబట్టి సమాచారం లేదు, సమాచారం లేదు కాబట్టి ఇవ్వకూడదు. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. పాలిచ్చే తల్లులకు అనుమతి మేలో, గర్భిణులకు జులై 2న వచ్చింది. అప్పటికి రెండో వేవ్ వచ్చి వెళ్లిపోయింది. ఏప్రిల్‌లోనే అమెరికాలో టీకా వేసుకున్న 35 వేల మందికి పైగా గర్భిణుల తొలి వివరాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చాయి, ఆందోళన పడాల్సిన సూచనేదీ లేదు. అప్పుడు హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ ఎస్. శాంతకుమారి అధ్యక్షతన ఉన్న ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ కూడా ప్రభుత్వం కంటే ముందే టీకా ఇవ్వమని చెప్పింది. ఆ రెండు మూడు నెలల తేడాకు ఎందరు తల్లులు బలయ్యారో అన్న ఆలోచన నన్ను వదలదు.

టీకా వల్ల ఏం మారిందో స్కాట్లాండ్ స్పష్టంగా చూపించింది. అక్కడ టీకాలు మొదలయ్యాక కోవిడ్‌తో ఐసీయూలో చేరిన గర్భిణుల్లో 98 శాతం మంది టీకా వేసుకోనివాళ్లు. కోవిడ్ సోకిన 28 రోజుల్లోపు కాన్పయినవాళ్లలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులందరూ సోకేనాటికి టీకా లేనివాళ్లే. తల్లి రక్తంలో తయారైన యాంటీబాడీలను మాయ తానే పనిగట్టుకుని బిడ్డకు చేరవేస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకు కోవిడ్ టీకా లేదు, వాళ్లకున్న రక్షణంతా తల్లి ఇచ్చిందే. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన ఆరు నెలల లోపు శిశువులను అమెరికాలో లెక్కించినప్పుడు 84 శాతం మంది తల్లులు గర్భంలో టీకా తీసుకోలేదని తేలింది.

ఆ కాలంలో పుట్టిన పిల్లలిప్పుడు బడికి వెళుతున్నారు. కడుపులో ఉండగా తల్లికి కోవిడ్ వస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉంటుందా అన్నదాని మీద అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. 2022లో బోస్టన్ పరిశోధకులు ఏడాది వయసులో మాటలు, కదలికలు ఆలస్యమైనట్టు నమోదైన పిల్లలు కోవిడ్ తల్లులకు 6.3 శాతం, మిగతావాళ్లకు 3 శాతం అని చూశారు. కాలిఫోర్నియా పరిశోధకులు 2024లో రెండేళ్ల దాకా గమనించి తేడా లేదన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయం చూసినది వేరు. ఆరు నెలల వయసులో తల్లికి కోవిడ్ వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ తేడా కనబడలేదు, కానీ ఇద్దరూ మహమ్మారికి ముందు పుట్టినవాళ్ల కంటే కొద్దిగా వెనకబడ్డారు. గర్భిణులు ఆ నెలలు గడిపిన భయం, ఒంటరితనం కారణమై ఉండొచ్చని వాళ్ల అభిప్రాయం. ఈ తేడాలన్నీ గుంపుల సగటులు, ఒక్కో బిడ్డ జాతకం వీటిలో ఉండదు. 2020–22 మధ్య పుట్టిన బిడ్డకు మాటలో నడకలో ఏదైనా ఆలస్యం కనిపిస్తే, అంగన్‌వాడీకీ ప్రభుత్వ బడికీ వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపించి, గర్భంలో ఉండగా కోవిడ్ వచ్చిందన్న సంగతి కూడా చెప్పాలి. అవసరమైతే వాళ్లే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఉచితం.